ఒక్క పాఠం ముందున్న గురువు

శరభకేతు మహారాజును ఆయన దిగులుకూ, మంత్రులను వాళ్ళ సలహాలకూ వదిలేసి మనమిప్పుడు ఘంటాద్రి ఎక్కాలి. రత్నకూట రాజ్యానికి పడమటి ఎల్లలో, ఏడు శిఖరాలతో, రాగి రంగు బండలతో ఆకాశానికి అడ్డంగా నిలిచిన కొండ అది. నాలుగో శిఖరం మీదినుంచి జలపాతం తెరలా దూకుతుంది. ఆ తెర వెనక గుహ. ద్వారానికి అటూ ఇటూ ఏనుగు పుర్రెలు, వాటి కంటిగుంటల్లో ఆరని నీలిమంటలు. లోపల తళతళలాడే స్ఫటిక స్తంభాలు, పులితోళ్ళ తివాచీలు, పగడపు కాళ్ళ పీఠాలు, మూత తీస్తే మూలిగే కుండలు, కావలికి నిప్పు కక్కే రెండు తొండలు. ఇంత వైభవం నడుమ, జటలకు ఇరవైయొక్క ఇత్తడి గంటలు కట్టుకున్న మహామాంత్రికుడు జటాఘంటుడు బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని, కళ్ళు మూసుకుని భక్తిగా వల్లె వేస్తున్నాడు.

"గుర్రానికి కడుపునొప్పి. గోరువెచ్చని నీళ్ళు పట్టు. గుర్రానికి కడుపునొప్పి. గోరువెచ్చని నీళ్ళు పట్టు."

అదంతా పారశీక భాషలోనే సుమా. అర్థం మాత్రం ఆయనకు తెలియదు. తెలిసింది ఎదురుగా కూర్చున్న గురువుకే. ఆ గురువుకైనా నిన్న సాయంత్రమే తెలిసింది.

ఆ గురువును గుహలో నీలాబాదు ఉస్తాదు అంటారు. అసలు పేరు మాచన. రాజుగారి లాయంలో గుర్రాల కాపరి. తలమీది ఆకుపచ్చ పాగా నిజానికి జీను కింద పరిచే గుడ్డ. నాభిదాకా వేలాడే తెల్లని గడ్డం 'ధవళ' అనే ఆడగుర్రం తోకలోది, మైనంతో అంటించుకున్నాడు. పారశీక దేశపు గుర్రాల వర్తకులతో ఏళ్ళ తరబడి బేరాలాడగా అతనికి పదకొండు పారశీకపు మాటలు పట్టుబడ్డాయి. వాటితోబాటు రేవులోని దుబాసి ఒకడు రాసి కుట్టిన గుర్రాల వైద్యం పుస్తకం అతని నడుములో ఉంది. అందులో ఒక పక్క పారశీకం, దాని కింద ఉచ్చారణ, ఎదురుగా మన భాషలో అర్థం. ఉస్తాదుగారి పాండిత్యమంతా అదే.

ఇలాంటి పాండిత్యంతో అతనీ పులిబోనులోకి ఎందుకు వచ్చాడో చెప్పాలి.

జటాఘంటుడి నడుముకు ఇనుప గొలుసుతో కట్టిన పుస్తకమొకటి ఉంది. పన్నెండేళ్ళ కిందట ఒక పారశీక ఫకీరు దగ్గర కొట్టేసినది. ఆ ఫకీరు తప్పించుకునేలోగా బెదిరించి, సైగలతోనే ఒక్క మంత్రానికి అర్థం చెప్పించుకున్నాడు: మనిషిని పక్షిని చేసే మంత్రం. మిగతా పుస్తకమంతా ఆయనకు చీమలబారే. అయినా తొందరెక్కువ గనక ఉన్న ఒక్క మంత్రంతోనే రాజకుమారి కువలయను గోరువంకగా మార్చి పట్టుకుపోయి, మహారాజుకు కబురుపెట్టాడు. "కుడిరెక్కలో పన్నెండు పెద్ద ఈకలున్నాయి. అవి రాలిపోయేలోగా మనిషి కాకపోతే, మనిషిగా బతికిన సంగతే ఆమెకు గుర్తుండదు. అర్ధరాజ్యమూ ఆమె చెయ్యీ నాకిస్తే తిరిగి మనిషిని చేస్తాను."

మహారాజు ఒప్పేసుకున్నాడు. కూతుర్ని అడగలేదు సరికదా, ఆలోచించడానికి అరపూట కూడా తీసుకోలేదు. మాంత్రికుడి గొంతులో వెలక్కాయ అప్పుడు పడింది. మనిషిని పక్షిని చెయ్యడమే ఆయనకు వచ్చు. పక్షిని మనిషిని చెయ్యడం రాదు. అది కావాలంటే పుస్తకం చదవాలి, పుస్తకం చదవాలంటే పారశీకం నేర్వాలి. దాంతో అర్ధరాజ్యం ఆశకు పారశీక పండితులను రప్పించుకోవడం మొదలుపెట్టాడు. రత్నకూటంలో పారశీకం వచ్చని చెప్పుకునే పండితులు అయిదుగురు ఒకరి తరవాత ఒకరు కొండెక్కారు. వాళ్ళిప్పుడు అయిదు పావురాలై గుహ చూరు మీద కూర్చుని ఒకరి ఉచ్చారణను ఒకరు వెక్కిరించుకుంటున్నారు.

ఆరోవాడు మాచన. అతనికి అర్ధరాజ్యంతో పనిలేదు. లాయం గోడమీద లాడం మేకుతో గీసి, పదేళ్ళ కిందట అతనికి అక్షరాలు నేర్పింది కువలయే. స్వారీకి వచ్చిన ప్రతిరోజూ ఒక అక్షరం, జోరువానలో కూడా. ఆమె అంటే అతనికి ప్రాణం. ఆ మాట సొంత భాషలో అనే ధైర్యమే లేనివాడు, ఆమెకోసం పరాయి భాష నేర్చుకోవడానికి బయల్దేరాడు.

మొదటిరోజు పరీక్ష తమాషాగా జరిగింది.

"ఏమయ్యా ఉస్తాదూ, పారశీకం వచ్చునా?" అన్నాడు మాంత్రికుడు, మంత్రదండం ఒళ్ళో పెట్టుకుని.

"వచ్చునా అంటారేమిటి స్వామీ! నాకు కలలు కూడా అందులోనే వస్తాయి."

"ఏదీ, ఓ ముక్క వినిపించు."

మాచన కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, గొంతు వణికిస్తూ తనకు తెలిసినవాటిలో కొన్ని అప్పజెప్పాడు. "అస్బ్... దందాన్... ఆబ్... అలఫ్... ఆహ్, లంగ్!" గుర్రం, పళ్ళు, నీళ్ళు, గడ్డి, అయ్యో, కుంటిది.

జటాఘంటుడి కళ్ళు చెమర్చాయి. "ఎంత గంభీరంగా ఉందయ్యా! అర్థమేమిటి?"

"అర్థం అడిగే దశకు తమరింకా రాలేదు."

ఈ జవాబు మాంత్రికుడికి తెగ నచ్చింది. తన శిష్యులకు ఆయన చెప్పేదీ ఇదే.

గడువు నలభై రోజులని తేలింది. నలభయ్యోరోజున పుస్తకంలో విడుదల మంత్రం చదివి అర్థం తెలుసుకోవాలి. ఆ పుస్తకం నోటితో చదివితే పారదు, చదివేవాడి బుర్రలో అర్థం వెలగాలి. "ఇదిగో ఈ మొదటి ఆకు మీదే ఉంది విడుదల," అన్నాడు జటాఘంటుడు పుస్తకాన్ని నిమురుతూ. "ఆ ఫకీరు గుంటనక్క. నన్ను మోసం చెయ్యాలని పుస్తకాన్ని వెనకవైపునుంచి తెరిచాడు. పక్షుల మంత్రం చివరి ఆకు మీద చూపించాడు. నేనేమైనా తక్కువ తిన్నానా? కట్టడం చివర్న ఉంటే విప్పడం మొదట్లో ఉంటుంది. ఆ ఆకు నలభయ్యోరోజున చూపిస్తాను. ముందే చూపిస్తే నువ్వే చదివేసుకుని చక్కా పోతావు."

మాచనకు ఆ తర్కం సబబుగానే తోచింది. అతని గుర్రాల పుస్తకమూ దుబాసి మన పద్ధతిలో కుట్టిందే మరి. అతని చిక్కల్లా ఒకటే. శిష్యుడికి చదువొస్తే రాకుమారి ఈ జటలవాడి పాలవుతుంది. రాకపోతే తను ఆరో పావురమవుతాడు. కనక శిష్యుడికి రాకూడదు, వస్తున్నట్టుండాలి, ఈలోగా తనకు రావాలి.

మొదటి రెంటికీ అతను కష్టపడాల్సిన అవసరమే రాలేదు. జటాఘంటుడు మహోత్సాహవంతుడు. చదువు మొదలెడతాననగానే ఏడు కొత్త రెల్లు కలాలు చెక్కించాడు. నాలుగు రంగుల సిరా కాయించాడు. జింకతోలు పరుపు, చందనపు వ్యాసపీఠం సిద్ధం చేయించాడు. తాను పారశీకం నేర్చుకుంటున్నట్టు చుట్టుపక్కల కొండల మీది బేతాళులందరికీ కబురంపి, మూడు రోజులు వాళ్ళ అభినందనలు అందుకున్నాడు. ఆ అభినందనలతో ఆయనకు సగం పారశీకం వచ్చేసినంత తృప్తి కలిగింది. మిగతా సగానికి తొందరేమీ కనిపించలేదు.

నాలుగోరోజున మాచన ఇంకో మాట చెవినేశాడు. "స్వామీ, అక్షరాభ్యాసం మంచిరోజున చేశారా?"

చెయ్యలేదు. గంటలు ఘల్లుమనేలా జటాఘంటుడు ఉలిక్కిపడ్డాడు. పంచాంగం వచ్చింది, ముహూర్తం కుదిరింది, పళ్ళెంలో బియ్యం పరిచి వేలితో మొదటి అక్షరం అలిఫ్ దిద్దారు. వారం తరవాత అంతకంటే మంచిరోజు దొరికింది. మళ్ళీ పళ్ళెం, మళ్ళీ బియ్యం, మళ్ళీ అలిఫ్. ఆ పైన మరీ దివ్యమైనది. ఇలా పద్దెనిమిది రోజుల్లో ఆయన అయిదుసార్లు మొదలుపెట్టాడు. ఆయన దిద్దినంత అందమైన అలిఫ్ పారశీక దేశంలో కూడా ఉండి ఉండదు.

మొదలుపెట్టని రోజులకు అనధ్యాయం ఉండనే ఉంది. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పౌర్ణమి చదువు పనికిరాదు. ఉరిమితే పనికిరాదు. గురువుకూ శిష్యుడికీ మధ్యనుంచి కప్ప గెంతినా, పిల్లి నడిచినా ఆరోజుకు పుస్తకం మూసెయ్యాలి. జలపాతం వెనక గుహలో కప్పలకు కొదవా? మాచన జేబులో రెండు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. కప్ప గెంతగానే మాంత్రికుడు "అరెరె" అని పైకి నొచ్చుకుంటూ, లోపల బడి ఎగ్గొట్టినవాడి సంతోషంతో స్నానానికి పోయేవాడు.

ఇక మూడోది, తనకు రావడం. ఇక్కడ మన మాచన సంగతి కూడా కాస్త ఒప్పుకోవాలి. శిష్యుణ్ణి ఎగతాళి చేస్తూ చేస్తూ అతనూ అదే గోతిలో పడ్డాడు. పన్నెండోరోజున గుహ మూల గోడమీద బొగ్గుతో పట్టిక గీయడం మొదలెట్టాడు. ఏ పూట ఎన్ని మాటలు నేర్వాలో, ఏ రోజున పాతవి తిరగెయ్యాలో గళ్ళు గళ్ళుగా వేశాడు. గడికో గుర్రం బొమ్మ. గుర్రాలకు జూలు సరిగా కుదరక చెరిపి మళ్ళీ గీశాడు. పట్టిక పూర్తయ్యేసరికి ఆరు రోజులు గడిచాయి. ఆ ఆరు రోజుల్లోనూ ఒక్క కొత్త మాట ముట్టుకోలేదు.

స్ఫటిక స్తంభానికి వేలాడే పంజరంలోంచి గోరువంక ఇదంతా చూస్తోంది. గోరువంకై నోరు పడిపోయిందని మాంత్రికుడు నమ్ముతున్నాడు. అలా నమ్మించింది ఆమే. ఆయన స్నానానికి వెళ్ళిన చప్పుడు వినబడగానే నోరు విప్పింది.

"ఏం మాచనా, ఇవాళ ఏం నేర్చుకున్నావు?"

"ఇవాళ అష్టమి కదా, రాకుమారీ."

"అష్టమి వాడికి. నీకెందుకు?"

"నియమం పెట్టినవాణ్ణి నేనే తప్పితే ఏం బాగుంటుందని..." నసిగాడు మాచన. "పైగా ఈ పట్టిక ఇప్పుడే పూర్తయింది. రేపట్నించి చూడండి నా విజృంభణ."

"గుర్రాలు బాగున్నాయి," అంది గోరువంక. "ఒకటడుగుతాను చెప్పు. లాయంలో ఉండగా అమావాస్యనాడు గుర్రాలకు నీళ్ళు పెట్టేవాడివా, మానేసేవాడివా?"

"అదెలా మానేస్తానండీ? చచ్చిపోవూ!"

"నీళ్ళు పెట్టడానికి ముహూర్తం చూసేవాడివా?"

మాచన చేతిలోని బొగ్గు కింద పెట్టాడు.

"ఇదీ అంతేనయ్యా. పొద్దున నీళ్ళు, సాయంత్రం గడ్డి. ఒక్కసారే గాదెడు వేస్తే తింటుందా? నాకు చూడు, పలకా లేదు, కలమూ లేదు, పట్టిక గీసుకోవడానికి చేతులూ లేవు. వాడికి నువ్వు చెప్పిన ప్రతి ముక్కా గింజ పొడుచుకున్నప్పుడల్లా ఒకసారి అనుకుంటున్నాను. అంతే. నాకు నీకంటే ఎక్కువే వచ్చు, పందెమా?" ఆమె కుడిరెక్క విప్పి చూపించింది. "నువ్వొచ్చిన్నాడు తొమ్మిదుండేవి. ఇప్పుడు లెక్కపెట్టు."

అయిదున్నాయి.

మాచన తలపాగా చెంగుతో గోడంతా తుడిచేశాడు. జూలు బాగా కుదిరిన గుర్రాన్ని కూడా ఉంచలేదు. ఆ రోజునుంచి పొద్దున నాలుగు మాటలు, సాయంత్రం నాలుగు మాటలు. ఉరిమినా, కప్ప గెంతినా, మనసు బాగోకపోయినా అవి మాత్రం తప్పలేదు. కొన్నాళ్ళు పొద్దుటివి సాయంత్రానికే మరచిపోయేవాడు. అప్పుడు పంజరంలోంచి చిన్నగా అందించేది ఆమె. గోరుచుట్టు నుంచి గిట్టపుండు దాకా, దగ్గు నుంచి కుంటి దాకా పుస్తకంలోని జబ్బులన్నీ ఇద్దరికీ కంఠతా వచ్చాయి. ప్రతి చికిత్స చివరా ఒకే వాక్యం ఉండేది: 'నయమయ్యాక దాన్ని యజమాని ఇంటికి చేర్చు.' ఆ ఒక్కటీ అయితే నిద్రలో కూడా చెప్పగలరు.

ఇలా నలభయ్యోరోజు వచ్చింది. గోరువంక రెక్కలో రెండే ఈకలు మిగిలాయి.

ఆ ఉదయం జటాఘంటుడు తలంటుకుని, ఒళ్ళంతా విభూతి పూసుకుని, గంటలను చింతపండుతో తోమించి, కొత్త పెళ్ళికొడుకులా వచ్చి పీఠమెక్కాడు. నిజంగానే పట్టుబట్ట కట్టాడు కూడా.

"స్వామీ, ఇవాళ పౌర్ణమి. అనధ్యాయం," అన్నాడు మాచన ఆఖరి ఆశగా.

"నేను చదవడంలేదు ఉస్తాదూ. చదివినదాన్ని వాడుతున్నాను. దానికి అనధ్యాయం లేదు." మాంత్రికుడు దండం చేతికి తీసుకున్నాడు. "పని జరగలేదో, నిన్ను పావురాన్ని చెయ్యను. అవి ఇప్పటికే అయిదున్నాయి, గోల భరించలేకపోతున్నాను. నీ గడ్డానికి గుడ్లగూబ బాగుంటుంది."

గొలుసు గలగలలాడింది. పుస్తకం పీఠమెక్కింది. ఇన్నాళ్ళూ దాచిన మొదటి ఆకు తెరుచుకుంది. ఈ నలభై రోజుల్లో అర్థాలు అబ్బకపోయినా అక్షరాలు అబ్బిన జటాఘంటుడు వేలు పెట్టి, ఒక్క తప్పు లేకుండా, సుస్వరంగా చదివాడు. చదివి ఊరుకున్నాడు. కుండలు మూలగలేదు. తొండలు కదల్లేదు. గోరువంక గోరువంకగానే ఉంది.

"అర్థం చెప్పు," అన్నాడు.

మాచన వంగి చూశాడు. మొదటి వరసలో పరిచయమున్న మొహం ఒక్కటీ కనబడలేదు. రెండో వరసలో 'చెయ్యి' అన్న మాట ఒక్కటి కనబడింది. మూడోదానికి వచ్చేసరికి అతని వేలు అక్కడే ఆగిపోయింది. అక్కడ, ఇన్నాళ్ళుగా పొద్దునా సాయంత్రమూ అనుకున్న వాక్యమే ఉంది, గుర్రం ఒక్కటే తక్కువ. దాన్ని పట్టుకుని వెనక్కి వెళితే పై రెండు వరసలూ విడిపోయాయి.

'ఈ పుస్తకం ఎవరి చేతిలో ఉన్నా, చదవడం అయ్యాక దీన్ని యజమాని ఇంటికి చేర్చు.'

ఇది విడుదల మంత్రం కాదు! తాటాకుల మీద రాసే మన లేఖకులు కూడా ఇలాంటి మాటే రాస్తారు, పుస్తకం దొంగిలించినవాడికి నాలుగు తిట్లు కూడా జోడించి. కానీ ఎక్కడ రాస్తారు? చివరి ఆకు మీద. అంటే ఇది చివరి ఆకు. మాంత్రికుడు పన్నెండేళ్ళుగా పుస్తకాన్ని తోకవైపునుంచి పట్టుకుని తలకోసం వెతుకుతున్నాడు. ఫకీరు మోసమేమీ చెయ్యలేదు. వాళ్ళ దేశంలో పుస్తకం అటునుంచే తెరుస్తారు. పక్షుల మంత్రం మొదటి ఆకు మీదుంటే, విడుదల దాని పక్కనే రెండో ఆకు మీద పన్నెండేళ్ళుగా పడి ఉంది.

అతను తలెత్తి పంజరం వైపు చూశాడు. గోరువంక కళ్ళు మెరుస్తున్నాయి. మాంత్రికుడు పైకి చదువుతూండగానే ఆమెకు తెలిసిపోయింది.

"ఏమయ్యా, అర్థం చెప్పవేం?" ఉరిమాడు జటాఘంటుడు.

ఆ ఉరుముకో, జలపాతపు చెమ్మకో, నలభై రోజుల సేవకు విసిగో, మాచన గడ్డం ఎడమవైపు మైనం వదిలి ఊడింది. ఒక క్షణం కుడిచెంప పట్టుకుని వేలాడింది. తరవాత పుస్తకం మీద పడింది. జటాఘంటుడు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వాసన చూశాడు.

"గుర్రం!" అన్నాడు. నలభై రోజుల్లో ఆయన ఒక్క విషయాన్ని స్వయంగా గ్రహించడం అదే మొదటిసారి.

దండం లేచింది. మాంత్రికుడి నోట పక్షుల మంత్రం మొదలైంది. మాచన అరచేతుల మీద సన్నని బూడిదరంగు నూగు మొలవసాగింది. రెండో ఆకు వెతికే వ్యవధి లేదు.

"చదువు మాచనా! ఇదే చదువు!" అని అరిచింది గోరువంక. పడిపోయిన నోరు లేచి అరవడంతో మాంత్రికుడు మంత్రం మధ్యలో తడబడ్డాడు, మాచన చేతుల మీది నూగు రాలిపోయింది. ఆ సందులో మాచన ఒక్క గెంతులో పంజరాన్ని తెంపి చంకన పెట్టుకుని, పుస్తకాన్ని రెండో చేత్తో పట్టుకుని, పుండు మానిన గుర్రాన్ని సొంతదారుకు అప్పజెప్పినంత నమ్మకంగా ఆ వాక్యాన్ని చదివాడు. ప్రతి మాటా అతని బుర్రలో దీపంలా వెలిగింది.

పుస్తకం ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. రెండు అట్టలనూ రెక్కల్లా టపటప కొట్టింది. మరుక్షణం జలపాతాన్ని చీల్చుకుని ఆకాశంలోకి లేచింది. చూరు మీది అయిదు పావురాలూ వాదం ఆపి నోళ్ళు తెరిచి చూశాయి.

కింద ఘంటాద్రి ఏడు శిఖరాలూ ఏడు పిడకలంతై పోయాయి. కొబ్బరితోటల పచ్చని అంచు, ఆ పైన తెల్లని నురగ, ఆ పైన అంతులేని నీలి సముద్రం. మాచన ఒక చేత్తో అట్ట పట్టుకుని వేలాడుతున్నాడు. అతనికి మూడు బారల కింద, నడుముకు బిగిసిన గొలుసుకు జటాఘంటుడు తలకిందులుగా వేలాడుతూ, ఇరవైయొక్క గంటలతో దిక్కులు మోగిస్తున్నాడు. దండం ఎప్పుడో సముద్రంలో పడింది.

"వదలకురా గుర్రాలవాడా! నీ కాళ్ళు పట్టుకుంటాను!"

"అందవు లెండి స్వామీ!"

మాచన పళ్ళతో పుస్తకాన్ని వెనకవైపునుంచి తెరిచాడు. గాలికి రెపరెపలాడుతూ రెండో ఆకు కళ్ళబడింది. ఎగాదిగా చూశాడు. అందులో గుర్రం లేదు, గడ్డి లేదు, గిట్ట లేదు. తెలిసిన మాట ఒక్కటైనా లేదు.

"ఏముంది?" అంది గోరువంక పంజరంలోంచి.

"ఎవరికీ జబ్బు చెయ్యలేదండీ," అన్నాడు మాచన ఏడుపు గొంతుతో.

సముద్రపు గాలి ఒక విసురు విసిరింది. పంజరం ఊచల్లోంచి ఒక ఈక జారి, గిరగిరా తిరుగుతూ నీలంలో కలిసిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే.

ఇసుక దిబ్బలు వచ్చాయి, ఖర్జూరపు తోపులు వచ్చాయి, నీలిరంగు గుమ్మటాల నగరమొకటి ఎండలో మెరుస్తూ వచ్చింది. ఆ నగరంలో ఒక ఇంటి పెరట్లో, దానిమ్మ చెట్ల మధ్య, పాలరాతి తొట్టి పక్కన పుస్తకం ముగ్గుర్నీ దబ్బున పడేసి, బుద్ధిమంతురాలిలా రెక్కలు ముడుచుకుంది.

అరుగు మీద కూర్చుని షర్బతు తాగుతున్న ముసలి ఫకీరు లేచి నిలబడ్డాడు. పుస్తకాన్ని చూశాడు. దాని గొలుసు వెంట చూపు సాగించి జటాఘంటుణ్ణి చూశాడు. ఆ మొహం ఆయన మరచిపోయి ఉంటాడా! గిన్నె అరుగు మీద పెట్టి చప్పట్లు చరిచాడు. కత్తులు దూసిన ఇద్దరు భటులు వచ్చి, గొలుసు నరికి, మాచననూ మాంత్రికుణ్ణీ మోకాళ్ళ మీద కూలేశారు. ఫకీరు వాళ్ళవైపు తిరిగి ఏదో అన్నాడు. జలపాతం దూకినంత ధారాళంగా, మధ్యలో ఊపిరి తీసుకోకుండా అన్నాడు.

"ఏమంటున్నాడు ఉస్తాదూ?" అన్నాడు జటాఘంటుడు, అలవాటు కొద్దీ.

మాచనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నలభై రోజులు, రెండు వందల మాటలు, ఒక్కటీ పనికిరాలేదు. ఆ క్షణాన అతనికి నిజంగా ఏడుపొచ్చింది. ఫకీరు పుస్తకాన్ని చంకన పెట్టుకుని, షర్బతు గిన్నె చేతికి తీసుకుని ఇంట్లోకి నడవసాగాడు. భటులు కత్తులెత్తారు.

"రేపు పాడ్యమి," గొణిగాడు జటాఘంటుడు. "బతికుంటే ఎల్లుండి నుంచి నియమంగా..."

"మాచనా," అంది గోరువంక నీరసంగా. "నీళ్ళు పెట్టే వేళయింది."

మాచన గొంతెత్తి, పంజరాన్ని చూపిస్తూ, వచ్చిన పారశీకమంతా కూడదీసుకుని అరిచాడు. "ఈ గుర్రానికి జబ్బు!"

ఫకీరు గుమ్మంలో ఆగాడు. వెనక్కి తిరిగాడు. గోరువంకను చూశాడు, మాచనను చూశాడు. ఆయన తెల్లగడ్డం, మాచనదానిలా గుర్రపుతోక కాదు, అసలుదే, నవ్వుతో కదలసాగింది. భటులు కూడా నవ్వారు. నవ్వుతూ కత్తి వెయ్యలేరు గనక దించారు. ఫకీరు మళ్ళీ ఏదో అడిగాడు. ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటే. అయినా తెలియలేదు.

ఈమె గుర్రం కాదు, మనిషి, ఆడపిల్ల అని చెప్పాలి. గుర్రాల పుస్తకంలో ఆడపిల్లలు లేరు. మాచన చుట్టూ చూశాడు. పెరటి మూల మట్టిపొయ్యి దగ్గర ఒక యువతి రొట్టెలు కాలుస్తూ ఈ వింత చూస్తోంది. బేరాల్లో వర్తకులు రోజుకు వందసార్లు అనే చిన్నమాట అతనికి తట్టింది. ఆ యువతి వైపు వేలు చూపించాడు.

"ఇన్ చీస్త్?" ఇదేమిటి?

అడిగే పద్ధతి అది కాదు కాబోలు, ఆ పిల్ల మూతి ముడిచింది. ఫకీరు మాత్రం చంటిపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు.

"దొఖ్తర్."

మాచన ఆ మాటను పలక మీద రాసుకోలేదు. మంచిరోజు చూడలేదు. పంజరాన్ని రెండు చేతులా పైకెత్తి గోరువంకను ఆయన కళ్ళ ఎదుట పెట్టాడు.

"దొఖ్తర్," అన్నాడు.

ఫకీరు నవ్వు ఆగిపోయింది. చేతిలోని షర్బతు గిన్నె జారి పాలరాతి మీద భళ్ళుమంది. ఆయన గబగబా పుస్తకాన్ని కుడివైపునుంచి తెరుస్తూండగానే, గోరువంక రెక్కలోని చివరి ఈక ఊడి, పంజరం ఊచల మధ్యనుంచి నేలవైపు దిగడం మొదలుపెట్టింది.